మంచం నుంచి గుండెల దాకా

మా బావ తన కూతుర్ని సరిగ్గా ఎత్తుకున్నది అది పుట్టిన ఎనభై ఎనిమిదో రోజున. ఆ పూట నేను ఆ గదిలోనే ఉన్నాను. ఒక తండ్రి బిడ్డను ఎత్తుకోవడం చూశానని చెప్పుకోవడానికి ఏముంది, అందరూ చూసేదే. కానీ ఆ తర్వాత నేను చూసిన పెద్ద సంగతులేవీ ఆ ఆదివారం పదకొండు గంటలకి ఆ మంచం పక్కన చూసినంత పెద్దవి కావనిపిస్తుంది. బావ పోయి ఏడాది దాటింది. ఆయన మాట వస్తే నాకు ముందు కనబడేది ఆయన ముఖం కాదు, ఆ రోజు మంచం మీదికి వంగిన వీపు.

ఎత్తైన భవనాలకు రంగులు వేసేవాళ్లు, బయటివైపు నుంచి అద్దాలు తుడిచేవాళ్లు, టవర్లెక్కి తీగలు బిగించేవాళ్లు ఒంటికి బెల్టులు కట్టుకుంటారు. కాలు జారితే ప్రాణం నిలిపేది అవే. ఆ బెల్టుల్ని పరీక్షించే షెడ్డులో బావ మేస్త్రీ. షెడ్డు మధ్యలో రెండంతస్తుల ఎత్తు ఇనుప చట్రం ఉండేది. దాని కొక్కేనికి వంద కిలోల ఇసుక బస్తా, మనిషి మొండెం ఆకారంలో కుట్టినది, వేలాడుతుండేది. దానికి బెల్టు తొడిగి, పైకి లాగి, మీట నొక్కి వదిలేసేవారు. బస్తా జారి, బెల్టు బిగిసి, గాల్లో ఊగుతూ ఆగాలి. ఆ బస్తాని షెడ్డులో అందరూ అల్లుడుగారు అనేవారు. పలకరు, పనిచెయ్యరు, లేపి కూర్చోబెట్టడానికి మాత్రం నలుగురు కావాలి. నేను మొదటిసారి షెడ్డుకు వెళ్లినప్పుడు బావ ఎంతో మర్యాదగా పరిచయం చేశాడు.

"వీరు మా అల్లుడుగారు. ఇప్పటికి పదకొండు వేలసార్లు పడ్డారు. ఒక్కసారి కూడా అలగలేదు."

షెడ్డులో ఒక నియమం ఉండేది. ఒకసారి పడి ఆగిన బెల్టు మళ్లీ ఏ మనిషి ఒంటి మీదికీ వెళ్లకూడదు. పైకి కొత్తదానిలాగే ఉంటుంది, లోపల ఎక్కడో ఒక పోగు తెగి ఉంటుంది. అందుకని పరీక్షకు వాడిన బెల్టుని, అది నెగ్గినా సరే, పెద్ద కత్తెరతో నాలుగు ముక్కలు చేసి తొట్టిలో పడేసేవారు. వయసైపోయిన బెల్టులకూ అదే గతి. ముక్కలు చెయ్యకుండా వదిలేస్తే ఎవరో ఒకరు బాగానే ఉంది కదా అని కట్టుకుని ఎక్కుతారు. ఆ కత్తెర బావ చేతిలోనే ఉండేది. ఇరవయ్యేళ్లలో ఒక్క బెల్టునీ ఆయన జాలిపడి వదల్లేదు. షెడ్డులో ఆయన పేరు అనుమానం మేస్త్రీ. ఆ పేరు ఎగతాళికే పెట్టారు గానీ, భవనాల మీద వేలాడేవాళ్లు వచ్చి "అనుమానం చూశాడా?" అని అడిగి, చూశాడంటేనే బెల్టు పట్టుకెళ్లేవారు.

అలాంటి మనిషికి నలభయ్యో ఏట కూతురు పుట్టింది. ఆసుపత్రిలో నర్సు చేతిలో పెట్టగానే బావ చేతులు వణికాయట. పది లెక్కపెట్టేలోగా "తీసుకోండమ్మా, తీసుకోండి" అని తిరిగి ఇచ్చేశాడట. ఆ తర్వాత ఎప్పుడు ఎత్తుకోమన్నా ఒక అడ్డంకి ఉండేది. చేతికి గ్రీజు ఉందనేవాడు. జలుబు చేసిందనేవాడు. గోళ్లు తీసుకోలేదనేవాడు. ఎత్తుకోవడం తప్ప అన్నీ చేసేవాడు. పాప గుడ్డలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసేవాడు. స్నానం నీళ్లు మోచేత్తో ఒకసారి, థర్మామీటరుతో రెండుసార్లు చూసేవాడు. పాప పడుకుంటే మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని, దాని మాడు కేసి చూస్తూ కూర్చునేవాడు. పసిబిడ్డల మాడు మీద చర్మం కింద ఏదో మెల్లగా ఎగిరెగిరి పడుతుంటుంది కదా, దాన్ని చూసి నాతో రహస్యంగా అన్నాడు:

"చూశావా, పైకప్పు ఇంకా వెయ్యలేదు. ఇలా పంపించేశారేంటి మనకి?"

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. పరీక్షలు రాసి, అక్కకు తోడుగా ఉండమని అమ్మ పంపితే వచ్చాను. అక్క సిటీ బస్సు డ్రైవరు. మూడు నెలల సెలవు అయిపోవస్తోంది. అయ్యాక తెల్లవారుజామున ఐదింటి డ్యూటీకి వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకి వస్తుంది. బావ షెడ్డులో తన పనిని మధ్యాహ్నం రెండింటి నుంచి పెట్టించుకున్నాడు. నా సెలవులూ అయిపోతున్నాయి. అంటే ఆ సోమవారం నుంచి రోజూ ఎనిమిది గంటలు ఇంట్లో ఉండేది ఇద్దరే, పాపా వాళ్ల నాన్నా. పాపకేమో ఒక అలవాటు. మంచం మీద పడుకోబెడితే గంట తిరిగేసరికి లేచి ఇల్లు ఎగరగొట్టేది. ఎవరో ఒకరి ఒంటిని అంటుకుని ఉంటేనే మళ్లీ నిద్ర.

రెండు వారాలుందనగా భోజనాల దగ్గర అక్క అడిగేసింది.

"ఏవయ్యా, ఎత్తుకోనివాడివి ఎలా చూసుకుంటావు? నేను సెలవు పొడిగించమని రాసియ్యనా? రాస్తే ఈ రూటు పోతుంది. మళ్లీ రూటు ఎప్పుడిస్తారో, అసలిస్తారో ఇవ్వరో."

బావ పళ్లెంలోకి చూస్తూ అన్నాడు. "రాయొద్దు. చూసుకుంటాను."

"ఎలా?"

"బెల్టుకి చీటీ ఉంటుంది. ఇంత బరువు మోస్తుంది, ఇన్నేళ్లు ఉంటుంది అని. చేతికేముంది చెప్పు? తుమ్మొస్తే వదిలేస్తుంది. చెమట పడితే జారుస్తుంది. నేనైతే ఈ చేతుల్ని ఏ మనిషికీ పాస్ చెయ్యను."

"నేను రోజుకి వెయ్యిమందిని మోస్తాను, ఈ రెండు చేతుల్తోనే. నువ్వు ఐదున్నర కిలోలు మొయ్యలేవా?"

"నీకు బ్రేకుంది డ్రైవరమ్మా."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. "అయితే బెల్టే కొను. బిడ్డల్ని గుండెలకి కట్టుకునేవి ఉంటాయి కదా. నీకు తెలిసిన పద్ధతిలోనే మొయ్యి" అంది.

బావ తలెత్తి అక్కని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. తన పెళ్లాం ఇంత తెలివైందని అప్పుడే తెలిసినట్టుంది ఆ చూపు.

మర్నాడు దుకాణానికి నన్ను కూడా తీసుకెళ్లాడు. కౌంటరు దగ్గరమ్మాయి మూడు రకాల బేబీ క్యారియర్లు చూపించింది. మొదటిది ఐదు గజాల మెత్తటి గుడ్డ, ఒంటికి అటూ ఇటూ చుట్టి బిడ్డని లోపల పెట్టుకోవాలి. రెండోది రెండు రింగుల్లోంచి లాగి ఒక భుజానికి వేసుకునేది. మూడోది బ్యాగులా రెండు భుజాలకి పట్టీలు, నడుముకి వెడల్పాటి బెల్టు, ముందు బిడ్డకి సంచి లాంటిది ఉన్నది. గుడ్డ బాగుందన్నాను నేను, లేత పసుపురంగు చూసి.

"ముడి మీద ఆధారపడాలి. ముడి వేసేది నేను. నన్నెవరు పరీక్షిస్తారు?" అని దాన్ని పక్కన పెట్టాడు. రింగులది ఒక భుజం మీదే బరువు వేస్తుందన్నాడు. మూడోదాన్ని తీసుకుని లోపలిది బయటికి తిప్పాడు. జేబులోంచి భూతద్దం తీసి, అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మూలమూలకీ అడ్డకుట్టు వేశారా లేదా చూశాడు. బకిల్‌ని చెవి దగ్గర పెట్టుకుని టక్ టక్‌మనిపించాడు. పావుగంటైంది. వెనక ఇద్దరు గర్భిణులు నిలబడి ఉన్నారు.

"సార్, ఇది పాపకేనా, ఏనుగుపిల్లకా?" అంది కౌంటరమ్మాయి.

"పాపకే అమ్మా. ఏనుక్కైతే ఇంత చూడక్కర్లేదు, పడ్డా లేస్తుంది."

ఆ అమ్మాయి నవ్వడం మానేసి, ఆయన చూపించిన కుట్టుని తనూ వంగి చూసింది. బిడ్డ మోకాళ్లు పిర్రలకంటే కొంచెం పైకి ఉండాలనీ, ముఖం ఎప్పుడూ మనకి కనబడుతూ ఉండాలనీ, గడ్డం ఛాతీకి ఆనిపోకుండా కింద రెండు వేళ్లు పట్టేంత సందుండాలనీ ఆమె చెబితే, బావ తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. లేత బూడిదరంగుది తీసుకున్నాడు. మురికి పడితే కనబడాలట.

మరుసటి రోజు దాన్ని షెడ్డుకు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"పాసైంది! ఐదున్నర కిలోలకి పదిరెట్లు, యాభై ఐదు కిలోలు కట్టి వేలాడదీశాను. గంటసేపు. తర్వాత ఆరుసార్లు పడేశాను. ఒక్క కుట్టు కదల్లేదు."

"ఏదీ, ఇటివ్వు" అని అక్క చెయ్యి చాపింది.

బావ సంచిలోంచి తీసి మంచం మీద పెట్టాడు. నాలుగు ముక్కలు.

అక్క ఆ ముక్కల్ని చూసింది. బావని చూసింది. "పాసైందన్నావు?"

"పాసైంది. అందుకే కోశాను. పడి ఆగింది కదా, ఇంకెవరూ వాడకూడదు."

"కొన్నది వాడడానికి కదయ్యా!"

"ఆరుసార్లు పడ్డదాన్లో మన పాపనా?" అన్నాడు బావ, ఎవరో పరాయివాళ్లు తన కూతురికి అపకారం తలపెట్టినట్టు.

ఆ సాయంత్రమే వెళ్లి సరిగ్గా అలాంటిదే ఇంకోటి కొన్నాడు. తెచ్చి బల్ల మీద పెట్టి, దాని చుట్టూ తిరిగాడు. దీన్ని పరీక్షించలేదు కదా, ఎలా నమ్మడం? పరీక్షిస్తే కోసెయ్యాలి. అక్క కుర్చీలో కూలబడి, చేతులు రెండూ తల మీద పెట్టుకుంది.

"పాసైందేమో ముక్కలైంది. ముక్కలవనిదేమో పాసవలేదు. ఇంక నా బిడ్డ దేన్లో కూర్చోవాలి, నీ తల మీదా?"

మర్నాడు ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే, అక్క నన్ను వెనకాలే తోలింది. "ఇది కూడా ముక్కలై వచ్చిందంటే నువ్వు ఇంటికి రాకు. అటునుంచటే హాస్టలుకి పో."

షెడ్డు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. కుర్రతనంలో టవర్లెక్కినవాడు. కుడిచేతి చిటికెన వేలు వంకర తిరిగి, టీ గ్లాసు పట్టుకుంటే ఆ వేలు ఎటో చూస్తుండేది. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన పొలమారేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక బావని కూర్చోమన్నాడు.

"ఒరేయ్ అనుమానం, వందలో ఒక బెల్టు పడేసి చూస్తాం. మిగతా తొంభైతొమ్మిది?"

"పంపిస్తాం."

"పరీక్షించకుండానే?"

"ఒకే దారం, ఒకే మిషను, ఒకే లాటు కదండీ."

"ఈ రెండిటి లాటు నంబరు చూశావా?"

చూశానన్నట్టు బావ తలాడించాడు. రెండిటిదీ ఒకటే నంబరు.

"తొంభైతొమ్మిది మంది ఎవరి బిడ్డలో. వాళ్ల విషయంలో నమ్మావు. కాబట్టి నీ అనుమానం బెల్టు మీద కాదు." పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "బెల్టు బిడ్డని ఎత్తదురా. ఎత్తి పెడితే మోస్తుందంతే. మంచం నుంచి నీ గుండెల దాకా తెచ్చేదెవరు? అక్కడే కదా ఉంది నీ తంటా అంతా?"

షెడ్డులో మిషన్లు ఆగి ఉన్నాయి. అల్లుడుగారు పైన మెల్లగా తిరుగుతున్నారు. బావ తన చేతుల్ని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నాడు.

"రెండు మూరల దూరమండీ. దానికి బెల్టు లేదు."

"లేదు" అన్నాడు పెద్దాయన. "నిన్ను ఎత్తిన రోజు మీ అమ్మకీ లేదు."

ఇంటికి ఒకటే ముక్కగా తీసుకొచ్చాం. కానీ అక్కడితో అయిపోలేదు. ఇంకా పది రోజులుంది. బావ ఆ పది రోజులూ సాధన చేశాడు. పాత దిండుగలీబులో ఐదున్నర కిలోల ఇసుక పోసి కుట్టాడు. దానికి పాప పాత టోపీ పెట్టాడు.

"టోపీ ఎందుకు బావా?"

"తల ఎటుందో తెలియాలి కదా."

దాన్ని మంచం మీద పడుకోబెట్టి, ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి పిర్రల కింద పెట్టి లేపడం, సంచిలో దింపడం, పట్టీలు బిగించడం, అద్దంలో చూసుకోవడం, మళ్లీ తీసి పడుకోబెట్టడం. రోజుకి నలభైసార్లు. ఒకరోజు ఇరుగింటావిడ వచ్చి, ఆయన ఇసుకమూటని జో కొడుతుండగా చూసి, అక్కని వంటింట్లోకి తీసుకెళ్లి మెల్లగా అడిగింది: "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా?"

మూటని ఎంతో ఒడుపుగా ఎత్తేవాడు. పాప దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు చాపి, సగంలో ఆగిపోయేవాడు. "రేపు" అనేవాడు. రేపులు అయిపోతూ వచ్చాయి. శనివారం అక్క బల్ల ముందు కూర్చుని సెలవు కాగితం బయటికి తీసింది. కలం తీసింది. కాసేపు అలాగే కూర్చుని, రాయకుండా కాగితాన్ని మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుంది.

"రేపు డిపోలో బండి ఒకసారి తోలి చూడమన్నారు. పదింటికి వెళ్లి ఒంటిగంటకి వస్తాను. వచ్చేసరికి పాప నీ మీద ఉంటే సోమవారం డ్యూటీకి వెళ్తాను. మంచం మీద ఉంటే ఈ కాగితం నింపి ఇచ్చేస్తాను. నిన్నేమీ అనను." నా వైపు తిరిగింది. "నువ్వు ముట్టుకున్నావో, నీ చేతులు విరగ్గొడతాను."

ఆదివారం అక్క పాలు పట్టి, పడుకోబెట్టి వెళ్లింది. బావ స్నానం చేసి, గోళ్లు తీసుకుని, బేబీ క్యారియర్ నడుముకి కట్టుకుని, భుజం పట్టీలు ముందుకి వేలాడేసుకుని, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పరీక్షకి ముందు కూర్చున్న కుర్రాడిలా ఉన్నాడు. నేను గుమ్మంలో గోడకి ఆనుకుని, చేతులు రెండూ వెనక కట్టుకున్నాను.

పదకొండింటికి పాప లేచింది. ముందు మూలిగింది. తర్వాత పెదవి వంచింది. ఆ తర్వాత ఎత్తుకుంది రాగం. బావ లేచి నిలబడ్డాడు. దాని ముఖం ఎర్రబడింది. చేతులు గాల్లోకి విసురుతోంది, దేన్నో పట్టుకోవాలని వెతుకుతున్నట్టు. "బావా" అన్నాను. ఆయనకి వినబడలేదు. చొక్కా వీపు మీద చెమట ఒక దేశపటంలా పరుచుకుంటోంది. ఏడుపులో పాపకి ఒక క్షణం ఊపిరి ఆగి, నోరు తెరుచుకుని శబ్దం రాకుండా ఉండిపోయింది. నేను ఒక అడుగు ముందుకి వేసేశాను.

అప్పుడు వంగాడు బావ. ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి పిర్రల కింద. పైకి లేపాడు.

లేచీ లేవగానే పాప రెండు మోకాళ్లూ వాటంతట అవే పైకి ముడుచుకున్నాయి. కప్పపిల్లలా. ఎవరూ మడవలేదు. మంచం వదిలీ వదలగానే కాళ్లు పైకి వచ్చి, ఎడంగా విచ్చుకుని, ఎవరి ఒంటినో చుట్టుకోవడానికి సిద్ధంగా నిలిచాయి.

బావ అక్కడే ఆగిపోయాడు. మంచానికీ గుండెలకీ సరిగ్గా మధ్యలో, ఆ రెండు మూరల దూరంలో, తనకి అంత భయమైన చోటే. పాపని గాల్లో పట్టుకుని దాని కాళ్లు చూస్తున్నాడు.

"చూశావా?" అన్నాడు. "చూశావా నువ్వు?"

పాపని మెల్లగా మంచం మీదికి దింపాడు. కాళ్లు చాపింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ మోకాళ్లు పైకి వచ్చాయి. మూడోసారి దించాడు, ఎత్తాడు. అంతే. ఏడుపు కూడా ఆపేసి, పాప ఈ మనిషెవరో, ఏం చేస్తున్నాడో చూద్దామన్నట్టు కళ్లు పెద్దవి చేసింది.

"బెల్టులో వేలాడేవాళ్లకి మేం నేర్పేది ఇదే" అన్నాడు బావ. మాటలు ఒకదానిమీదొకటి పడుతున్నాయి. "కాలు జారి బెల్టులో వేలాడితే కాళ్లు కిందకి వదిలెయ్యకూడదు, మోకాళ్లు పైకి లాక్కోవాలి, లేకపోతే రక్తం కిందకి దిగి ప్రాణం మీదికొస్తుంది. ఒక్కొక్కడికి రెండ్రోజులు నేర్పుతాను. పెద్ద పెద్ద మగాళ్లు. సరేనంటారు, పైకెక్కాక మర్చిపోతారు. దీనికెవరు నేర్పారు? ఎనభై ఎనిమిది రోజులు దీనికి. ఎవరు చెప్పారు దీనికి, నిన్ను ఎత్తుతారు, ఇలా పట్టుకో అని?"

నేను మంచం దాకా వచ్చి ఆ కాళ్ల కేసి చూశాను.

"నేనొక్కణ్నే ఎత్తుతున్నాననుకున్నాను" అన్నాడు. "ఇదీ నా వైపు వస్తోంది. ఇద్దరం కలిసి చేసే పనిది. బస్తా ఎప్పుడూ అలా రాలేదు. పదకొండు వేలసార్లు లేపాను, ఒక్కసారీ నా వైపు రాలేదది."

అప్పుడు తెచ్చుకున్నాడు గుండెల మీదికి. ముడుచుకున్న ఆ కాళ్లు ఆయన ఛాతీకి అటూ ఇటూ అతుక్కున్నాయి. సంచిలో దింపి, ఒక చేత్తో వీపు పట్టుకుని, రెండో చేత్తో పట్టీలు బిగించాడు. చేతులు వణకడం లేదని నేను చూశాను, ఆయన చూసుకున్నట్టు లేదు. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి చూశాడు. ముక్కు చూశాడు. పాప ఆయన చొక్కా బొత్తాన్ని గుప్పిట్లో పట్టుకుంది, చెంప ఛాతీకి ఆనించింది. ఎక్కడో లోపల ఏదో విన్నట్టు కళ్లు తిప్పింది. పది నిమిషాల్లో నిద్రపోయింది.

బావ కూర్చోలేదు. కూర్చోమంటే తల అడ్డంగా ఆడించాడు. కిటికీ దగ్గర నిలబడి, పాప మాడు కేసి చూస్తూ ఉండిపోయాడు. అది ఎగిరెగిరి పడుతోంది. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా పాప కొంచెం పైకి లేచేది, వదిలినప్పుడు దిగేది. కాసేపటికి ఇద్దరిదీ ఒకే లయ అయింది. ఎవరు ఎవరి వేగానికి వచ్చారో నాకు తెలీదు. వీధిలో ఎవరో హారన్ కొట్టారు, పైఅంతస్తులో ఏదో గిన్నె పడింది. పాప కదల్లేదు. నేను చేతులు వెనకనుంచి తీసి ముందు కట్టుకున్నాను. ఎందుకో తెలీదు, ఆ గదిలో అలా నిలబడాలనిపించింది.

ఒంటిగంటకి అక్క వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలెత్తి చూసింది. యూనిఫాం జేబులోంచి కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, బల్ల మీద పెట్టింది.

"పాసైంది" అంది.

ఆ తర్వాతి మూడేళ్ల సంగతి నాకు సెలవుల్లో చూసినంతే తెలుసు. బావ పాపని గుండెలకి కట్టుకుని గుడ్డలు ఉతికేవాడు, కూరలు తరిగేవాడు, అక్క బస్సు ఆ వీధి మలుపు తిరిగే వేళకి బాల్కనీలో నిలబడి చెయ్యి ఊపేవాడు. అక్క ఒక చిన్న హారన్ కొట్టేది. అది నిబంధనలకి విరుద్ధమట. రోజూ కట్టుకునే ముందు షెడ్డులోలా పైకి చదువుతూ చూసుకునేవాడు. "బకిల్, సరే. పట్టీ, సరే. కుట్టు, సరే. గడ్డం, సరే. ముక్కు, సరే." ఒక్కటీ వదిలేవాడు కాదు. పాప మొదట పలికిన మాట అమ్మా కాదు, నాన్నా కాదు. "చలే." అక్క వారం రోజులు అలిగింది.

ఆ బేబీ క్యారియర్ చీటీ మీద పదిహేను కిలోల దాకా అని రాసి ఉంది. పాపకి మూడేళ్లు నిండాక ఒక ఉదయం తూకం చూస్తే ముల్లు పదిహేను దాటింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. బావ పుస్తకంలో తేదీ రాశాడు. షెడ్డునుంచి పెద్ద కత్తెర తెచ్చి ఉంచుకున్నాడు. నియమం నియమమే. వాడకం అయిపోయినదాన్ని ముక్కలు చెయ్యాలి. బూడిదరంగు వెలిసి, అంచులు తెల్లబడి, భుజం పట్టీ మీద పాప పళ్లగాట్లతో ఉన్న దాన్ని బల్ల మీద పరిచాడు. ఒకసారి ఆ గాట్ల మీద బొటనవేలు పోనిచ్చాడు. కత్తెర తెరిచాడు.

పక్కగదిలోంచి పాప వచ్చి ఆయన మోకాలు పట్టుకుంది.

"నాన్నా, ఎత్తుకో."

కత్తెర బల్ల మీద పెట్టి, వంగి, రెండు చేతుల్తో లేపాడు. పదిహేను కిలోల పిల్ల. అప్పుడు కూడా మోకాళ్లు వాటంతట అవే పైకి వచ్చాయి. బావ నా వైపు చూశాడు. ఈసారి చూశావా అని అడగలేదు. నేను తలూపాను.

అలాగే పాపని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లాడు, అక్క బస్సు వచ్చే వేళైంది. కత్తెర మధ్యాహ్నం దాకా అలాగే నోరు తెరుచుకుని ఉంది. తర్వాత దాన్ని తీసుకుని షెడ్డుకి వెళ్లిపోయాడు. వాడకం అయిపోయాక ఆయన చేతుల్లో ముక్కలు కాకుండా మిగిలిన బెల్టు అదొక్కటే. ఇప్పుడది అక్క బీరువాలో, ఆయన చొక్కాల పక్కన ఉంది.